"కరెంట్ తక్కువొస్తుంది" అంటే ఏది తక్కువైనట్టు?

మొన్న పొద్దున గీజర్ అరగంట వేసి ఉంచినా నీళ్లు గోరువెచ్చగానే ఉన్నాయి, ఎలక్ట్రీషియన్ని పిలిస్తే మీటర్ పెట్టి చూసి "గీజర్ మంచిగనే ఉందక్కా, కరెంటే తక్కువొస్తుంది, నూటెనభై చూపిస్తుంది" అన్నాడు. పదో తరగతి తెలుగు మీడియం చదివే మా పాప పక్కనే ఉండి "నూటెనభై అంటే ఓల్టేజి కదన్నా, కరెంట్ వేరే" అంది, ఆయన "మాకు రెండూ ఒక్కటేనమ్మా" అనేసి వెళ్లిపోయాడు. అప్పట్నుంచి ఈ మాట నన్ను వదలట్లేదు. కరెంటు పోయింది, కరెంటు బిల్లు, కరెంటు స్తంభం, కరెంటు షాక్ అని మనం అన్నిటికీ ఒకే మాట వాడతాం, పాప పుస్తకంలో మాత్రం కరెంటంటే విద్యుత్ ప్రవాహం ఒక్కటే, ఆంపియర్లలో కొలిచేది; ఓల్టేజి అంటే ఆ ప్రవాహాన్ని తోసే ఒత్తిడి లాంటిది, ఓల్టులలో కొలిచేది. మరి ఆయన అన్నది తప్పేనా?

నేనూ పాపా కాగితం తీసుకుని కూర్చున్నాం. గీజర్ మీద 230 ఓల్టులు, 2000 వాట్లు అని ఉంది. వాట్లని ఓల్టులతో భాగిస్తే కరెంటు 8.7 ఆంపియర్లు, 230ని మళ్లీ ఆ 8.7తో భాగిస్తే నిరోధం, అంటే కరెంటుకి కాయిల్ పెట్టే అడ్డు (రెసిస్టెన్స్), దాదాపు 26న్నర ఓములు. లోపలి కాయిల్ అదే కాబట్టి ఈ నిరోధం మారదు అనుకోవచ్చు, ఇప్పుడు 180ని దీంతో భాగిస్తే వచ్చేది 6.8 ఆంపియర్లే. అంటే కరెంటు నిజంగానే తగ్గింది, ఆయన మాట నిజమే! 180ని 6.8తో గుణిస్తే 1224 వాట్లు. ఓల్టేజి ఐదో వంతు కంటే కాస్త ఎక్కువ తగ్గితే వాట్లు దాదాపు ఐదింట రెండు వంతులు పోయాయి, ఎందుకంటే ఓల్టేజీ తగ్గింది, దాంతో కరెంటూ తగ్గింది, గుణించేది ఆ రెంటినీ కదా.

ఇంకో అనుమానం. వాట్లలో వచ్చేదాన్ని, ఇంగ్లీషులో పవర్ అనేదాన్ని, పుస్తకంలో విద్యుత్ సామర్థ్యం అంటున్నారు. మామూలుగా సామర్థ్యం అంటే చేయగలిగే సత్తా, లేదా పట్టే కొలత. మా గీజర్ సామర్థ్యం 25 లీటర్లు అని కూడా అంటాం మరి. 2000 వాట్లకి ఆ మాట సరిపోతుంది, అది చేయగలిగేది. కానీ ఆ పొద్దున అది నిజంగా ఇచ్చింది 1224 వాట్లే, దాన్ని కూడా సామర్థ్యం అంటే నాకు పొసగట్లేదు. మీరేమంటారు?

కామెంట్:
అక్కా నేను వైరింగ్ పని చేస్త. కస్టమర్ తోని కరెంట్ తక్కువొస్తుంది అంటం గని మాలో మేం ఓల్టేజ్ డౌన్ ఉంది అనే అనుకుంటం, ఆంపియర్లకు లోడ్ అంటం, "ఎంత లోడ్ గుంజుతుంది" అని. గీజర్, ఇస్త్రీ పెట్టె, నీళ్ల రాడ్, వీటికి మీ లెక్క కరెక్ట్. బోరు మోటర్ కి ఉల్టా. నీళ్లు పైకి ఎక్కించే పని అట్లనే ఉంటది కదా, ఓల్టేజ్ డౌన్ అయితే మోటర్ ఇంకా ఎక్కువ ఆంపియర్లు గుంజుతది, వైండింగ్ గరమై కాలిపోతది. ఆడ కరెంట్ తక్కువొస్తుంది అంటే మాట తప్పే అయితది. పాప చెప్పింది యాద్ పెట్టుకుంట, రెండు వేరే వేరే.

కామెంట్:
అమ్మా, చాలా ఏళ్లు ఫిజిక్స్ చెప్పాను కాబట్టి రాస్తున్నా. శక్తి అనే మాట అప్పటికే ఎనర్జీకి వెళ్లిపోయింది, బలం ఫోర్స్‌కి వెళ్లింది, పవర్‌కి మిగిలింది సామర్థ్యం. 1968లో ఇక్కడే హైదరాబాదులో తెలుగు అకాడమీ పెట్టి ఇంటర్, డిగ్రీ పుస్తకాలు తెలుగులో తెచ్చారు, అలా ఇన్నేళ్లు పిల్లల నోళ్లలో నానిన మాటని ఇప్పుడు మార్చొద్దు అంటాను. కానీ మీ అభ్యంతరం న్యాయమైనదే, క్లాసులో నేను "సెకనుకి ఎంత పని" అని పక్కనే చెప్పేవాణ్ణి. పాపకి ఇంకోటి చెప్పండి, కరెంటుకి ఐ అని ఎందుకు రాస్తారంటే, ఆ కొలతకి ఎవరి పేరు పెట్టారో ఆ శాస్త్రవేత్త ఆంపియర్ ఫ్రెంచి మనిషి, వాళ్ల భాషలో తీవ్రత అనే మాట ఐ తో మొదలవుతుంది.

కామెంట్:
ఉస్మానియా యూనివర్సిటీ 1918లో మొదలైనప్పుడు సైన్స్ కూడా ఉర్దూలోనే చెప్పేవారు కదా, ఉర్దూలో రెసిస్టెన్స్‌ని ముజాహమత్ అంటారు, అడ్డం పడటం అని. నిరోధం అంటే నా చెవికి పూర్తిగా ఆపేయడంలా వినిపిస్తుంది, కానీ కాయిల్ ఆపట్లేదు, కొంత పోనిస్తోంది. ముజాహమతే దగ్గరగా ఉందనిపిస్తుంది.

పోస్ట్ పెట్టినావిడ:
మోటర్ సంగతి నాకు అస్సలు తెలీదు తమ్ముడూ, చాలా థాంక్స్. సార్, మీ "సెకనుకి ఎంత పని" పాప నోట్సులో రాసుకుంది. నిన్న మా అత్తగారు "లేటుగా కాగితే బిల్లు ఎక్కువొస్తుందా" అని అడిగితే దాంతోనే లెక్క వేసింది. 25 లీటర్లు 30 డిగ్రీలు వేడెక్కడానికి 2000 వాట్లయితే 26 నిమిషాలు, 1224 అయితే 43 నిమిషాలు, మధ్యలో బయటికి పోయే కాస్త వేడి వదిలేస్తే రెండు సార్లూ 0.87 యూనిట్లే. బిల్లు కట్టేది శక్తికత్తయ్యా, సామర్థ్యానికి కాదు అని చెప్పాను, ఆవిడ "అయితే ముందే స్విచ్ వెయ్యి" అన్నారు.