పునరుత్థాన నిరీక్షణ ఉన్నవాళ్లు చావు దగ్గర ఏడవకూడదా?

గోదావరి_ఆడపడుచు

అందరికీ వందనాలు. మా వైపు సంఘాల్లో తరచుగా వినిపించే ఒక మాట మీద చర్చ పెడుతున్నాను. భూస్థాపన దగ్గర, ఆ తర్వాత ఆదరణ కూడికలో (కుటుంబాన్ని ఓదార్చే ప్రార్థనలో) ఎవరో ఒకరు మైకులో "మనం నిరీక్షణ లేనివాళ్లం కాదు, ఏడవకండి, సాక్ష్యం పోతుంది" అంటారు. నిరీక్షణ అంటే చనిపోయినవాళ్లు మళ్లీ లేస్తారన్న ఆశ, సాక్ష్యం అంటే మన బతుకులో బయటివాళ్లకి కనబడే విశ్వాసం. ఈ ఏడాది ఆ మాట మా అమ్మతో అన్నారు. తమ్ముడు బైక్ యాక్సిడెంట్‌లో పోయాడు, పెళ్లి కూడా కాలేదు. అమ్మ పెట్టె పట్టుకుని ఏడుస్తుంటే ఒక పెద్దాయన వచ్చి ఆమె చేతులు విడదీశారు. అప్పటి నుంచి అమ్మ ఎవరి ముందూ ఏడవలేదు. ఆదివారం చర్చికి వస్తుంది, కూర్చుంటుంది, పాట మాత్రం పాడదు.

పునరుత్థానాన్ని నమ్మడమంటే దుఃఖాన్ని మింగడమేనా? కాదనే నేను అంటాను. యోహాను సువార్త 11వ అధ్యాయం చూడండి. చనిపోయిన స్నేహితుడు లాజరు సమాధి దగ్గరికి వెళ్లేసరికే తాను ఏం చేయబోతున్నాడో యేసుకు తెలుసు. "పునరుత్థానమును జీవమును నేనే" అని లాజరు తోబుట్టువు మార్తతో 25వ వచనంలో చెప్పాడు. 35వ వచనంలో "యేసు కన్నీళ్లు విడిచెను" అని ఉంది. కాసేపట్లో లేపబోయే మనిషి కోసం ఆయనే ఏడ్చాడు. మళ్లీ కొడుకుని ఎప్పుడు చూస్తుందో తెలియని తల్లిని ఏడవొద్దనే హక్కు మనకెక్కడిది? నేను వెళ్లిన ప్రతి భూస్థాపనలోనూ 25 చదివారు. ఎవరూ 35 దాకా రాలేదు.

సంఘపెద్ద_కృష్ణాజిల్లా

అమ్మా, మీ తమ్ముడి సంగతి చదివి మనసు కలుక్కుమంది. మీ అమ్మగారి కోసం ప్రార్థన చేస్తాం.

అయినా మీ వాదనతో నేను ఏకీభవించలేను. అపొస్తలుడు పౌలు ఉత్తరం రాసేనాటికి థెస్సలొనీక పట్టణంలో సంఘం చాలా కొత్తది. ప్రభువు రాకముందే తమవాళ్లు కొందరు చనిపోయారు, వాళ్ల గతి ఏమిటని మిగిలినవాళ్లకి దిగులు. ఆ ఉత్తరంలో పౌలు "నిరీక్షణలేని ఇతరులవలె" దుఃఖపడొద్దన్నాడు. ఆ తేడా బయటికి కనబడాలి కదా. మా ఊళ్లో మా తాతల కాలంలో చావంటే శోకాలు పెట్టడం, గుండెలు బాదుకోవడం, మూడు రోజులు పొయ్యి వెలిగించకపోవడం. అలాంటి చోట పాట పాడుతూ పెట్టె మోసుకెళ్లే మనుషుల్ని చూసి వీళ్లకేదో తెలుసు అనుకున్నారు పక్క వీధివాళ్లు. సువార్త మా వీధి దాటి వెళ్లింది అలాగే. దాన్ని నేను వదులుకోను.

2021 కరోనా సెకండ్ వేవ్ గుర్తు చేసుకోండి. బంధువులు రాలేదు. పీపీఈ కిట్లు వేసుకున్న నలుగురు కుర్రాళ్లు గొయ్యి తీసి దించారు, నేను దూరంగా నిలబడి ప్రార్థన చేశాను. ఆ కుటుంబాలకి మేము ఇవ్వగలిగింది ఒక్కటే, "మళ్లీ చూస్తారు" అనే మాట. ఆ రోజు మేమూ కూలబడి ఏడ్చుంటే ఆ మాట ఎవరు చెప్పేవాళ్లు?

ఇది ఈ కాలపు పాస్టర్లు పెట్టిన రూలు కూడా కాదు. క్రీ.శ. 387లో ఇటలీలోని ఓస్టియాలో తల్లి మోనికా చనిపోతే తొలి శతాబ్దాల సంఘ గురువు అగస్టీను కన్నీళ్లు ఆపుకున్నాడు. పక్కనే ఉన్న కొడుకు బిగ్గరగా ఏడిస్తే అందరూ ఊరుకోబెట్టారు. అలాంటి మరణానికి శోకాలు తగవని అనుకున్నామని ఆయనే రాసుకున్నాడు.

బెజవాడ_కతోలికుడు

పెద్దాయనా, అగస్టీను కథని మీరు సగంలో ఆపేశారు. ఆ తర్వాత స్నానం చేసినా దుఃఖం పోలేదని, రాత్రి నిద్రపోయి లేచాక దేవుని ముందు ఒంటరిగా ఏడ్చానని, అప్పుడే గుండె కుదుటపడిందని కూడా రాశాడు. ఇందులో ఎవరికైనా పాపం కనబడితే వెక్కిరించొద్దు, నా పాపాల కోసం ఏడవండి అన్నాడు. ఆపుకోవడం ఆయనకి పని చేయలేదు.

నిరీక్షణ ఉంటే ఏడుపు బయటికి కనబడకూడదంటున్నారు. మరి అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయం? క్రీస్తు కోసం రాళ్ల దెబ్బలు తిన్న స్తెఫను ఆకాశం తెరుచుకోవడం చూస్తూ చనిపోయాడు. అంతకంటే నిశ్చయమైన మరణం ఇంకోటి ఉందా? అయినా "భక్తిగల మనుష్యులు" అతన్ని పాతిపెట్టి "బహుగా ప్రలాపించిరి" అని రాసి ఉంది. ఈస్టర్ తర్వాతి సంఘం అది. వాళ్ల సాక్ష్యం పోయిందని ఆ పుస్తకం రాసిన లూకా ఎక్కడా రాయలేదు. తొమ్మిదో అధ్యాయంలో శిష్యురాలు దొర్కా చనిపోతే, ఆమె కుట్టిన బట్టలు పేతురుకి చూపిస్తూ విధవరాండ్రు ఏడ్చారు. పేతురు వాళ్లని మందలించలేదు.

నన్ను బాగా కలవరపెట్టేది ఇంకొకటి. భూస్థాపన ప్రసంగాల్లో "శరీరం ఒట్టి గుడారం, అసలు మనిషి మహిమలోకి వెళ్లిపోయాడు, ఈ మట్టి కోసం ఏడుపెందుకు" అంటుంటారు. గుడారం అన్నది పౌలు మాటే, నిజమే. కానీ విశ్వాస ప్రమాణంలో మనమందరం ఒప్పుకునేది శరీర పునరుత్థానాన్ని. ఆత్మ వెళ్లిపోవడమే అంతా అయితే సమాధి ఖాళీ కావాల్సిన అవసరమే లేదు. లేచిన యేసు కాల్చిన చేప తిన్నాడు, చేతుల్లో గాయాలు శిష్యుడు తోమాకి చూపించాడు. ఆ తల్లి పట్టుకుని ఏడ్చిన ముఖం, ఆ చేతులు దేవుడు తిరిగి ఇస్తానన్నవే. అవి విలువైనవని ఆమె ఏడుపే చెబుతోంది. మట్టే కదా అనే ప్రసంగమే పునరుత్థానానికి దూరంగా ఉంది.

ఈస్టర్ నాడు తెల్లవారకముందే మనవాళ్లు సమాధుల తోటకి ఎందుకు వెళ్తారు? గడ్డి పీకి, సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. అక్కడ పాట ఉంటుంది, ఏడుపూ ఉంటుంది. మన జనానికి ఈ విషయం ప్రసంగాల కంటే బాగా తెలుసు.

ప్రశ్నించేవాడు

నేను క్రైస్తవ ఇంట్లోనే పుట్టాను, ఇప్పుడు నమ్మను. అక్కా, మీ బాధని తక్కువ చేయడానికి రాలేదు. మీరందరూ ఏడవాలా వద్దా అని వాదించుకుంటున్నారు, దాని కింద ఉన్న ప్రశ్నని వదిలేశారు. అసలు యేసు తిరిగి లేవడం జరగకపోతే? "మళ్లీ చూస్తావు" అని తల్లికి చెప్పడం, నిజం కాని మాటతో ఆమె దుఃఖాన్ని వాయిదా వేయడం కాదా? ప్రియమైనవాళ్లు పోయాక వాళ్లు కనబడ్డట్టు, మాట్లాడినట్టు అనిపించడం మామూలు మనుషులకీ జరుగుతుంది. శిష్యులకి జరిగింది కూడా అదే అయ్యుండొచ్చు.

గోదావరి_ఆడపడుచు

తమ్ముడూ, మర్యాదగా అడిగావు. ఆ ప్రశ్న పౌలుకీ ఉంది. క్రీస్తు లేపబడకపోతే మా ప్రకటన వ్యర్థం, మీ విశ్వాసం వ్యర్థం, మనుషులందరిలోకీ మనమే దౌర్భాగ్యులం అని 1 కొరింథీ 15లో తానే రాశాడు. నిజం కాకపోయినా ఓదార్పుగా ఉంటుంది కదా అనే దారి ఆయన తీసుకోలేదు. నేనూ తీసుకోను. అబద్ధమైతే అమ్మకి నేను చెప్పను.

నాకు బలంగా అనిపించేవి చెబుతాను. ఆ ఉత్తరం సిలువ తర్వాత సుమారు పాతికేళ్లకి రాసింది. ఐదువందల మందికి పైగా చూశారు, వాళ్లలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారు అంటాడు. నాలుగు సువార్తలూ మొదటి సాక్షులుగా ఆడవాళ్లని చూపిస్తారు. ఆ కాలంలో ఆడవాళ్ల సాక్ష్యానికి విలువ తక్కువ. నమ్మించడానికి అల్లిన కథ అయితే అలా అల్లరు. పైగా వాళ్ల మాట శిష్యులకి వెర్రిమాటల్లా వినిపించిందని లూకా దాచకుండా రాశాడు. ఇది లెక్కలో రుజువు లాంటిది కాదు, నువ్వు ఒప్పుకోకపోవచ్చు. కానీ పాడుతూ మోసుకెళ్లేవాళ్లకీ, పెట్టె పట్టుకుని ఏడ్చేవాళ్లకీ ఉన్న ఆధారం అదే.

పెద్దాయనగారికి ఒక మాట. శిష్యురాలు మగ్దలేనే మరియ యేసు సమాధి బయట నిలబడి ఏడుస్తుంటే "అమ్మా, యెందుకు ఏడ్చుచున్నావు?" అని దూతలు అడిగారు, యేసూ అడిగాడు. దాన్ని గద్దింపుగా ప్రసంగించడం విన్నాను. పేతురు, ఇంకో శిష్యుడు సమాధి చూసి ఇంటికి వెళ్లిపోయారు. ఏడుస్తూ అక్కడే ఉండిపోయిన మనిషికే ఆయన మొదట కనబడ్డాడు, పేరు పెట్టి పిలిచాడు. కన్నీళ్లు తుడుచుకుని రమ్మని షరతేమీ పెట్టలేదు.

కువైట్_నర్స్

నేను ఆలస్యంగా వచ్చాను, పైవన్నీ చదివాను. ఇక్కడ మన జిల్లాలవాళ్లు ఎవరైనా చనిపోతే కాగితాల పని పూర్తయి, పెట్టె విమానం ఎక్కి ఊరికి చేరేసరికి రోజులు గడుస్తాయి. ఆ రోజులు కుటుంబం ఏం చేస్తుంది? ఏడవడానికి కళ్లముందు మనిషి లేడు, పాడటానికి భూస్థాపన లేదు. ఫోన్‌లో "ఇంకా ఏం తెలిసింది సిస్టర్" అని అడుగుతూనే ఉంటారు.

మన చర్చిల్లో శుభ శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా సిలువ మీద యేసు పలికిన ఏడు మాటలు ధ్యానిస్తాం, ఆదివారం తెల్లవారుజామున సన్‌రైజ్ సర్వీస్‌కి వెళ్తాం. మధ్యలో శనివారం ఇల్లు సర్దుకుంటాం, కొత్త బట్టలు ఇస్త్రీ చేసుకుంటాం. యేసు సమాధిలో ఉన్న ఆ రోజు గురించి ప్రసంగం నేనెప్పుడూ వినలేదు. నేను ఫోన్‌లో మాట్లాడే కుటుంబాలు ఆ శనివారంలోనే ఉంటాయి, కొన్ని నెలల తరబడి. వాళ్లని ఆదివారానికి తోసేయాలని మనకి తొందర.

అక్కా, నర్సుగా ఒక మాట. మీ అమ్మగారు నిద్రపోతున్నారా, తింటున్నారా, బతకాలని లేదని ఎప్పుడైనా అంటున్నారా గమనించండి. అలా ఉంటే డాక్టర్‌కి చూపించండి. మాత్రలు వేసుకుంటే విశ్వాసం తగ్గినట్టు అని ఎవరైనా అంటే పట్టించుకోకండి. షుగర్ ఉంటే మాత్రలు వేసుకుంటాం కదా.

సంఘపెద్ద_కృష్ణాజిల్లా

ఆ తల్లి చేతులు విడదీయడం చాలా తప్పు. అది ఎవరు చేసినా తప్పే. స్తెఫను సంగతికి నా దగ్గర జవాబు లేదు, ఆలోచిస్తాను. కానీ పాట ఆపమంటే మాత్రం ఆపను. గొయ్యి దగ్గర ఎవరో ఒకరు గట్టిగా నిలబడి ఆ మాట చెప్పాలి. కుటుంబం ఏడవనివ్వండి, పాడే పని సంఘానిది. మీ అమ్మగారి బదులు సంఘం పాడాలి. ఆమె నోరు తెరిచేదాకా తొందరపెట్టకూడదు.

గోదావరి_ఆడపడుచు

ఇది అమ్మకి చదివి వినిపిస్తాను అయ్యగారూ. పాట ఆపమని నేనూ అనలేదు.

తమ్ముడి సంవత్సరం కూడిక దగ్గరపడుతోంది. యోహాను 11ని మొదటి వచనం నుంచి 44 దాకా ఆపకుండా చదవమని మా పాస్టర్‌గారిని అడిగాను, సరే అన్నారు. 88వ కీర్తన కూడా చదవాలని నా కోరిక. చీకటి మాటతోనే ముగిసిపోయే కీర్తన అది, అయినా బైబిల్లో ఉంది. దానికి మాత్రం ఆయన వెనకాడుతున్నారు. మీ సంఘాల్లో ఎక్కడైనా ఆదరణ కూడికలో ఆ కీర్తన చదివి ఉంటే ఎలా చేశారో రాయండి.

సంఘపెద్ద_కృష్ణాజిల్లా

88వ కీర్తనకి నేను కూడా ఒప్పుకోను. బయటివాళ్లు వచ్చే కూడిక అది, చీకటితో ముగించి పంపకూడదు. ముందు రోజు రాత్రి ఇంట్లో కుటుంబ ప్రార్థనలో చదవండి.

బెజవాడ_కతోలికుడు

కూడికలోనే చదవండి. బయటివాళ్ల ఇళ్లలో మాత్రం చావులు జరగలేదా?