‘నీకాయాసకరమైన’: ఎక్కడ విడగొట్టి చదవాలి?

పర్లాకిమిడి చెల్లి: ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాసకాలం కదా, భస్మ బుధవారం నుంచి మా వీధిలో శ్రమకాల కూటాలు జరుగుతున్నాయి, ఈసారి బైబిల్లో 139వ కీర్తన 23, 24 వచనాలు నా వంతు. ‘నీకాయాసకరమైన మార్గము నాయందున్నదేమో చూడుము’ అన్నచోట మా మామ్మ ‘నీ’ దగ్గర ఆగి ‘కాయాసకరమైన’ అని చదివేది. ఆ ‘కా’ ఎటు పోవాలి? మాకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంధులు ఎవరూ నేర్పలేదు.

గుణుపురం మాస్టారు: నీకు + ఆయాసకరమైన. ఉత్వసంధి అమ్మా, ‘నీకు’ చివర ఉన్న ‘ఉ’ పోయి ‘ఆ’ కలిసింది. ఆగకుండా చదివేయండి.

బరంపురం అన్న: అంత తేలిగ్గా కొట్టేయకండి మాస్టారూ. కాయం అంటే ఒళ్ళు. కాయ + ఆయాసం అనుకుంటే ఒంటిని అలసట పెట్టే దారి అవుతుంది. ఉపవాసాల రోజుల్లో ఆ అర్థం బాగా కుదురుతుంది, మామ్మగారు ఊరికే ఆగి ఉండరు.

గుణుపురం మాస్టారు: కాయ + ఆయాసం కలిస్తే కాయాయాసం అవుతుంది, కాయాసం కాదు. పోనీ అలా అనుకున్నా, అప్పుడు అది ‘నీ మార్గము’ అయిపోతుంది కదా. దేవుడి దారే నాలో ఉందేమో చూడమని, వెంటనే ‘నిత్యమార్గమున నన్ను నడిపింపుము’ అంటాడా కీర్తనకారుడు? రెండు దారుల్ని ఎదురెదురుగా పెట్టిన వచనం అది.

జయపురం అక్క: సంధి మాస్టారు చెప్పిందే. కానీ ఆ ‘నీకు’ మూలంలో లేదు. హీబ్రూలో ‘దెరెఖ్ ఓత్సెబ్’, బాధ దారి అని మాత్రమే ఉంది, ఎవరికి బాధో చెప్పలేదు. పైగా ఓత్సెబ్‌కి విగ్రహం అన్న అర్థం కూడా ఉంది, బైబిల్లోనే యెషయా గ్రంథం 48:5లో అలాగే వాడారు. తెలుగులోకి తెచ్చిన మనవాళ్ళు ‘నీకు’ చేర్చి ఆ బాధ దేవుడిదన్నారు. నాకైతే ఆ చేర్పే ప్రాణం. నా తప్పు వల్ల నాకేం నష్టం అని కాకుండా ఆయనకెంత కష్టం అని వెతుక్కోమంటుంది.

పర్లాకిమిడి చెల్లి: మా వైపు ఆయాసం అంటే మెట్లెక్కితే వచ్చేది అక్కా. దేవుడికి ఆయాసమేంటని పిల్లలు అడుగుతారు.

జయపురం అక్క: అలాగే చెప్పు, భయపడకు. మనుషులు తమ దోషాలతో దేవుణ్ణి అలసిపోయేలా చేశారని యెషయా 43:24లో ఉంది.

బరంపురం అన్న: పర్లాకిమిడి వాళ్ళు ఈ విషయంలో తెలుగు క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి గారిని వదిలేస్తే ఎలా? 1803లో మీ పక్కనే మదనాపురంలో పుట్టిన మనిషి. ఆయన రాసిన ‘త్రాహిమాం క్రీస్తు నాథ’ పాడించండి. అందులో తనని తాను ‘గవ్వ చేయరాని’ వాడినన్నాడే, తన్ను తాను పరీక్షించుకోవడం అంటే అది! పండితుడు, సంతలో మాట పట్టుకున్నాడు.

గుణుపురం మాస్టారు: అక్కడ ‘చేయు’ అంటే విలువ చేయు, గవ్వపాటి విలువ కూడా లేనివాణ్ణని. ఇప్పటికీ ‘ఈ దూడ ఎంత చేస్తుంది’ అంటాం. చాలామంది పాడేవాళ్ళు అది గవ్వతో ఏదో చేయడం అనుకుంటారు.

బరంపురం అన్న: ఎవరూ అనుకోరు మాస్టారూ, మా వాళ్ళకి ఆ మాట వాడుకలోదే.

రాయగడ తమ్ముడు: నాకు ‘పరిశోధించి’ దగ్గర ఇబ్బంది. మొదటి వచనంలోనే ‘పరిశోధించి తెలిసికొని యున్నావు’ అనేసి 23లో మళ్ళీ ఎందుకు అడగడం?

జయపురం అక్క: మొదటిది ఉన్న సంగతి, రెండోది ఒప్పుకోలు. ఏడో వచనంలో ‘ఎక్కడికి పారిపోవుదును’ అన్నవాడే చివరికి తనే పిలుస్తున్నాడు.

రాయగడ తమ్ముడు: అంతేనా అక్కా? 21, 22లో దేవుణ్ణి ద్వేషించేవాళ్ళని నేనూ ద్వేషిస్తున్నాను, వాళ్ళు నాకూ శత్రువులే అని గట్టిగా అంటాడు. ఆ వెంటనే ‘నన్ను పరిశోధించి’. ఆ కోపంలో కూడా ఏదైనా చెడు ఉందేమో అన్న అనుమానం తనకే వచ్చిందని నాకనిపిస్తుంది. కూటాల్లో 19 నుంచి 22 వరకు ఆ నాలుగు వచనాలు కటువుగా ఉన్నాయని దాటేస్తారు, దాంతో 23 ఉత్త మంచిమాటలా మిగిలిపోతుంది. చెల్లీ, నీ వంతు 19 నుంచి మొదలుపెట్టు.

గుణుపురం మాస్టారు: 19 నుంచి చదవడం మంచిదే. కానీ అనుమానం అన్న మాట మాత్రం నేను ఒప్పుకోను.