సైట్‌లో ఈమెయిల్ అడ్రస్ దాచాలా, ఓపెన్‌గా పెట్టేయాలా?

మగ్గం_గుంట: మా చేనేత సొసైటీకి వెబ్‌సైట్ చేస్తున్నా, చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతాం. కాంటాక్ట్ పేజీలో ఈమెయిల్ మామూలు మెయిల్‌టు లింక్‌గా (నొక్కితే మెయిల్ రాసే పెట్టె తెరుచుకునేది) పెడదామని నేను. అలా పెడితే స్పామ్‌తో చచ్చిపోతారు, అడ్రస్ తీసేసి ఫామ్ ఒక్కటే పెట్టండి అని సైట్ చేసే కుర్రాడు. ఏది కరెక్ట్?

కడప_డెవ్: మీ కుర్రాడు చెప్పింది సగం కరెక్ట్ అండి. హార్వెస్టర్ బాట్, అంటే సైట్లు తిరిగి అడ్రస్‌లు ఏరే ప్రోగ్రామ్, చేసేదల్లా పేజీ సోర్స్ (వెనకున్న కోడ్) దించుకుని ఎట్ గుర్తు చుట్టూ ఉన్న ముక్కలు ఏరుకోవడమే. అమెరికాలో సెంటర్ ఫర్ డెమోక్రసీ అండ్ టెక్నాలజీ వాళ్ళు కొత్త అడ్రస్‌లు తెరిచి రకరకాల చోట్ల వాడి చూసి 2003లో రిపోర్ట్ ఇచ్చారు, వచ్చిన స్పామ్‌లో 97 శాతం పైన పబ్లిక్ వెబ్‌సైట్లలో పెట్టిన అడ్రస్‌లకే వచ్చింది, అదే అడ్రస్‌ని మాటల్లోనో హెచ్‌టీఎంఎల్ కోడ్‌లోనో (అక్షరాల బదులు వాటి అంకెల కోడ్) మార్చి రాస్తే ఒక్కటీ రాలేదు.

పాతకాపు: 2003 లెక్క ఇప్పుడు చెప్తే ఎలా బ్రో? మన గవర్నమెంట్ సైట్లలో బ్రాకెట్లు పెట్టి ఎట్, డాట్ అని రాస్తారు చూడు, దాన్ని విప్పడానికి బాట్‌కి ఒక్క లైన్ రెజెక్స్ (అక్షరాల నమూనా వెతికే కోడ్) చాలు. హెచ్‌టీఎంఎల్ కోడ్ అయితే ఏ పార్సర్ (పేజీ కోడ్ చదివే ప్రోగ్రామ్) అయినా దానంతటదే విప్పేస్తుంది. పైగా ఒక్క డేటా లీక్‌లో అడ్రస్ పోయిందంటే నువ్వు సైట్‌లో ఎంత దాచినా లాభం లేదు. ఓపెన్‌గా పెట్టేయ్, ఫిల్టర్ చూసుకుంటుంది.

కడప_డెవ్: ఫిల్టర్ చూసుకుంటుంది అనడం తేలికే. స్పామ్ ఎక్కువైతే దాంతో పాటు కొత్త కస్టమర్ రాసిన ఆర్డర్ కూడా స్పామ్ ఫోల్డర్‌లో పడుతుంది, సొసైటీలో దాన్ని రోజూ తెరిచి చూసేదెవరు? అడ్రస్‌ని జావాస్క్రిప్ట్‌తో (బ్రౌజర్‌లో నడిచే కోడ్) అతికించి చూపిస్తే బాట్ దాన్ని చదవాలంటే అసలు బ్రౌజరే నడపాలి. కోట్ల పేజీలు తిరిగేవాడికి అది ఖర్చు, చాలామంది వదిలేసి పోతారు.

చెవితో_చదువుతా: నాకు చూపు లేదు, ఫోన్‌లో టాక్‌బ్యాక్ (తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్) వాడతాను. దయచేసి అడ్రస్‌ని బొమ్మగా మాత్రం పెట్టకండి, ఆల్ట్ టెక్స్ట్ (బొమ్మకి రాసే వివరణ) లేకపోతే నాకు ఇమేజ్ అనో ఫైల్ పేరో వినపడుతుంది అంతే. ఇంకో ట్రిక్కు ఉంది, సోర్స్‌లో అడ్రస్ వెనక నుంచి ముందుకి రాసి సీఎస్ఎస్‌తో (పేజీ ఎలా కనపడాలో చెప్పే కోడ్) తిప్పి చూపిస్తారు. కళ్ళకి బాగానే ఉంటుందంట, నాకేమో ఎమ్, ఓ, సీ అంటూ తిరగేసి చదువుతుంది, కాపీ చేసినా తిరగబడిందే పేస్ట్ అవుతుంది. బొమ్మ కాప్చా (మనిషో బాటో తేల్చే బొమ్మల పరీక్ష) ఉన్న ఫామ్ అయితే ఇక నేను మీ దగ్గర చీర కొనలేనట్టే. బాట్‌ని ఆపబోయి ముందు ఆపేది మమ్మల్నే.

పాతకాపు: ఇదే అన్నా నేను మొత్తుకునేది!

బెజవాడ_లా: ఫామ్ ఒక్కటే పెడితే రూల్ కూడా ఒప్పుకోదండి. 2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళు కస్టమర్ కేర్, గ్రీవెన్స్ ఆఫీసర్ (ఫిర్యాదులు చూసే అధికారి) కాంటాక్ట్ వివరాలు సైట్‌లో కనపడేలా పెట్టాలి, అందులో ఈమెయిల్ కూడా రాసి ఉంది. ఇంకోటి, ఫామ్‌లో కంప్లైంట్ రాస్తే చాలా సైట్లలో కస్టమర్ దగ్గర కాపీ మిగలదు. మెయిల్ అయితే సెంట్ ఫోల్డర్‌లో తేదీతో సహా ఉంటుంది, రేపు కన్స్యూమర్ కమిషన్‌కి (వెనకటి ఫోరమ్) వెళ్తే అదే సాక్ష్యం. అడ్రస్ తీసేయడమంటే కొనేవాళ్ళ చేతిలోంచి అది లాగేసుకోవడమే.

మగ్గం_గుంట: క్లౌడ్‌ఫ్లేర్‌లో (సైట్‌కి ముందు నిలబడి కాపాడే సర్వీస్) ఈమెయిల్ దాచే ఆప్షన్ ఉందంట కదా, అది సరిపోతుందా?

కడప_డెవ్: ఉంది, ఫ్రీ ప్లాన్‌లో కూడా వస్తుంది. సోర్స్‌లో అడ్రస్ బదులు అంకెలూ అక్షరాలూ కలిసిన కోడ్ పెడుతుంది, అందులో మొదటి రెండే తాళంచెవి, మిగతాదాన్ని వాటితో ఎక్సార్ (కంప్యూటర్ చేసే ఒక తేలిక లెక్క) చేస్తే అడ్రస్ వచ్చేస్తుంది. తెలిసినవాడికి నాలుగు లైన్ల పని, నిజమే. కానీ పేజీ తెరిచిన మనిషికి మామూలు లింకే కనపడుతుంది, నొక్కితే మెయిల్ తెరుచుకుంటుంది, స్క్రీన్ రీడర్ కూడా సరిగ్గానే చదువుతుంది. జావాస్క్రిప్ట్ ఆపేసుకున్నవాళ్ళకి మాత్రం అడ్రస్ రాదు, వాళ్ళ కోసం కింద ఫోన్ నంబర్ పెట్టండి.

పాతకాపు: నాలుగు లైన్లలో విడిపోయేదాన్ని రక్షణ అనను. నా మాట వింటే సొసైటీ డొమైన్ మీద ఆర్డర్లకి ఒక అడ్రస్, కంప్లైంట్లకి ఒకటి తీసి రెండూ ఓపెన్‌గా పెట్టు. సెక్రటరీ గారి సొంత జీమెయిల్ మాత్రం సైట్ ఎక్కనివ్వకు, బ్యాంకు పనులన్నీ దాంట్లోనే ఉంటాయి.

మగ్గం_గుంట: రెండు అడ్రస్‌లు తీస్తా, క్లౌడ్‌ఫ్లేర్ ఆప్షన్ కూడా ఆన్ చేస్తా. ఫామ్ ఉంచుతా కానీ అడ్రస్ కిందే, కాప్చా లేకుండా. @చెవితో_చదువుతా గారూ, సైట్ ఎక్కించాక లింక్ ఇక్కడ పెడతాను, ఒకసారి టాక్‌బ్యాక్‌తో చూసి చెప్తారా?