టెంట్ హౌస్‌కి పదేళ్లు నడిచే పికప్ ఏది తీసుకోవాలె? జర చెప్పండి

ప్రశ్న, నాగోల్ నుంచి:
అన్నలూ నమస్తే. నాగోల్‌ల మాది చిన్న టెంట్ హౌస్. ఇన్నిరోజులు ఒక పాత చిన్న బండితోని నెట్టుకొచ్చిన, ఇగ దాని పని అయిపోయింది, ఛాసిస్‌కే తుప్పు పట్టింది. ఉప్పల్, రామంతాపూర్, ఎల్బీనగర్, హయత్‌నగర్ ఇంతే మా తిరుగుడు, రోజుకి 30-40 కిలోమీటర్లు దాటది. సీజన్ల అర్ధరాత్రి రెండింటికి కూడా బండి బయటనే ఉంటది, అదే ఆషాఢం గానీ మూఢం గానీ వచ్చిందంటే ఇంటి ముంగట నిలబడి దుమ్ము పట్టుడే. లోడు అంటే 300 కుర్చీలు, షామియానా, ఇనుప పైపులు, పెద్ద బగోనెలు. బడ్జెట్ పది లక్షల లోపు. ఒక్కసారి తీసుకుంటే పదేళ్లు మళ్ల షోరూం మొఖం చూడొద్దు. మహీంద్రా బోలెరో పికప్పా, టాటా యోధానా, టాటా ఇంట్రానా, అశోక్ లేలాండ్ బడా దోస్తా? షోరూంలల్ల అడిగితే ఎవని బండి వానికి బంగారం.

జవాబు, షాద్‌నగర్ కూరగాయల బండి ఓనర్:
బోలెరో పికప్ కళ్లు మూసుకొని తీసుకో తమ్మీ. నాది బీఎస్6 (పొగ మీద కొత్త రూల్) రాకముందు బండి, తొమ్మిదేళ్లు బోయిన్‌పల్లి మార్కెట్‌కి టమాట వేసుకొని తిరిగిన, ఇంజన్ విప్పి బోర్ చేయించే పని రాలే. నడి రోడ్డు మీద ఆగినా పక్క ఊర్ల మెకానిక్‌కి దాని పని తెలుస్తది, సామాన్ దొరుకుతది. అదీ నమ్మకం అంటే.

జవాబు, కూకట్‌పల్లి నుంచి:
పదేళ్లు అంటున్నారు కదండీ, కొంచెం బడ్జెట్ పెంచి ఇసుజు డీ-మ్యాక్స్ చూడండి, మన శ్రీసిటీలోనే తయారవుతుంది. ఇంకా పెడతానంటే టయోటా హైలక్స్, 2022లో ఇండియాకి వచ్చింది, ఆ బండి చెడదని ప్రపంచమంతా చెప్తారు.

జవాబు, ఆటోనగర్ మెకానిక్:
కూకట్‌పల్లి అన్నా, హైలక్స్ మంచి బండే, కాదనను. కానీ అది డబుల్ క్యాబ్, వెనకాల డబ్బా పొట్టిది, దాంట్ల మనోడు కుర్చీలు ఎక్కిస్తే పెండ్లికి పది ట్రిప్పులు కొట్టాలె. ఆయన బడ్జెట్ ఎంత, మీరు చెప్పిన బండి ఎంత.

నాగోల్ తమ్మీ, అసలు ముచ్చట ఎవరూ ముట్టుకోలే, అందుకే కొంచెం పెద్దగ రాస్తున్న. షాద్‌నగర్ అన్న చెప్పింది నిజమే గానీ అది పాత బండి ముచ్చట. 2020 ఏప్రిల్ నుంచి వచ్చే డీజిల్ బండ్లు బీఎస్6, పేరు అదే ఉన్నా సైలెన్సర్ వైపు కథ వేరు. డీపీఎఫ్ అని పొగ ఫిల్టర్ ఉంటది, మసి అంతా దాంట్ల పేరుకుంటది, సైలెన్సర్ బాగ వేడెక్కితే ఆ మసి అందులోనే కాలిపోతది. షాద్‌నగర్ అన్న బండి లెక్క రోజూ హైవే మీద పోతే దాని పని అది చేసుకుంటది. నీ బండి ఉప్పల్ సిగ్నల్‌ల నిలబడి, గల్లీల ఫస్ట్ గేర్‌ల పోయి, రెండు కిలోమీటర్లకి ఆఫ్ అయితది. వేడి ఎక్కడ ఎక్కాలె? లైట్ వస్తది, మనం చూసీ చూడనట్టు పోతం, ఇంకో నెలకి బండి దమ్ము పడిపోయి వర్క్‌షాప్‌కి లాక్కొస్తరు. ఒకాయన, నీ లెక్కనే లోకల్ తిరుగుడు, బండి ఏ కంపెనీదో చెప్పను, ఏడాది గూడ తిరగకముందే ఫిల్టర్ జామ్ అయ్యి మా దగ్గరికి వచ్చిండు. బండి తప్పు కాదది, వాడకం తప్పు.

డీజిలే తీసుకుంటే వారానికి ఒక్కసారన్న ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి పెద్ద అంబర్‌పేట కాడ దిగు, ఆగకుండ ఒకటే స్పీడ్‌ల, మరీ టాప్ గేర్‌ల ఈడ్చకు. టోల్ పైసలు ఫిల్టర్ ఖర్చు ముందు ఏం లెక్క కాదు. ఫిల్టర్ క్లీన్ అయ్యేటప్పుడు మధ్యల బండి ఆపితే డీజిల్ పోయి ఇంజన్ ఆయిల్‌ల కలుస్తది, డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరిగి ఉంటది, అట్ల కనబడితే వెంటనే ఆయిల్ మార్పించు. ఇంకోటి, బయట మెకానిక్ దగ్గర ఏదో ఒక డబ్బా ఆయిల్ పోయిస్తే కూడా ఫిల్టర్ తొందరగ పోతది, బీఎస్6 ఆయిలే పోయించాలె.

జవాబు, నాగోల్ నుంచి:
అన్నా ఇది ఒక్క షోరూంల కూడా చెప్పలేదే! అయితే నాకు డీజిలే వద్దా?

జవాబు, రామంతాపూర్ వాటర్ ప్లాంట్:
భాయ్ నీ తిరుగుడికి సీఎన్‌జీ చూడు. డీపీఎఫ్ లొల్లే లేదు. ఇంట్రా వీ20ల పెట్రోల్, సీఎన్‌జీ రెండూ నడుస్తయి, రాత్రి బంక్ మూసి ఉంటే పెట్రోల్ మీద ఇంటికొస్తవు. బోలెరో పికప్‌ల కూడా సీఎన్‌జీ ఉంది. బంక్ కాడ లైన్ల నిలబడే ఓపిక ఉండాలె, సిలిండర్‌కి మూడేండ్లకొకసారి టెస్టింగ్ చేయించాలె, అది మర్చిపోతే గ్యాస్ కొట్టరు. నా క్యాన్ల లోడు బరువైంది కాబట్టి ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు డీజిల్ అంత దమ్ము లేదనిపిస్తది, నీ కుర్చీలకు తెలియనే తెలియది.

జవాబు, ఆటోనగర్ మెకానిక్:
కరెక్ట్ చెప్పిండు. తమ్మీ నీ లోడు లెక్క వేస్కో, కుర్చీ ఒకటి రెండు రెండున్నర కిలోలు, 300 అంటే ఆరు నుంచి ఏడున్నర క్వింటాళ్లు. నీకు టన్నులు కాదు, అడుగులు కావాలె. బోలెరో మ్యాక్స్ హెచ్‌డీల పదడుగుల బాడీ వస్తది, కానీ పొడుగు బాడీ ఎక్కువ టన్నుల మోడళ్లలనే ఉంటది. బండి, లోడు కలిపి రాసిన బరువు 3000 కిలోలు దాటకపోతే మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్ ప్రకారం గూడ్స్ పర్మిట్ అక్కర్లేదు, దాటితే కావాలె. కొనేముందు ఆ నంబర్ అడుగు.

పైపులు వేసినరోజు బరువైతదని ముందే కమాన్ పట్టీలు (వెనక స్ప్రింగ్ పట్టీలు) ఎక్స్‌ట్రా వేయించకు, ఖాళీగ పోయేటప్పుడు బండి ఎగిరెగిరి వెల్డింగులు పలుగుతయి. ఇంకోటి, వంటోళ్లు బగోనెలు కడగకుండనే ఎక్కిస్తరు, సాంబారుల చింతపండు పులుపు, ఉప్పు అన్నీ కారి డబ్బా అడుగున రబ్బర్ మ్యాట్ కింద ఉంటయి. నీ పాత బండి తుప్పు అట్లనే మొదలై ఉంటది. మ్యాట్ లేపి కడుగు, నీళ్లు పోయే రంధ్రాలు మూసుకుపోకుండ చూడు. మూఢంల బండి నిలబడితే బ్యాటరీ నెగిటివ్ తీసి పెట్టు.

జవాబు, హయత్‌నగర్ నుంచి:
సెకండ్ హ్యాండ్ కూడా చూడొచ్చు కదా, మూడేండ్ల బండి తక్కువ ధరకే దొరకొచ్చు. కాకపోతే 2020 అక్టోబర్ వానలకి మన సిటీల, 2024 సెప్టెంబర్‌ల విజయవాడ బుడమేరు నీళ్లల్ల ఎన్ని బండ్లు మునిగినయో అందరికీ తెలుసు. సీట్ బెల్ట్ చివరిదాకా లాగి చూడండి, బురద మరకలు అక్కడ దొరుకుతయి. ఆర్సీ మీద ఫైనాన్స్ ఉంటే, లోన్ తీరిందని ఇచ్చే ఫారం 35, ఫైనాన్సోళ్ల ఎన్‌ఓసీ రెండూ చేతికొచ్చినంకనే పైసలియ్యాలె.

జవాబు, నాగోల్ నుంచి:
సెకండ్ హ్యాండ్‌కి ఇంట్ల ఒప్పుకోరన్నా, ఎవరో వాడిన బండికి పూజ ఏంది అంటది అమ్మ. మా డ్రైవర్‌కి మామూలు ఎల్ఎంవీ (కార్ల లాంటి చిన్న బండ్ల) లైసెన్సే ఉంది, పికప్‌కి నడుస్తదా?

జవాబు, హయత్‌నగర్ నుంచి:
నడుస్తది. 7500 కిలోల లోపు ట్రాన్స్‌పోర్ట్ బండికి ఎల్ఎంవీ చాలని 2024 నవంబర్‌ల సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది.

జవాబు, నాగోల్ నుంచి:
సరే అన్నా, అయితే సీఎన్‌జీలనే బోలెరో, ఇంట్రా రెండూ చూస్త. ఆదివారం పోతున్న, పాత బండిల రెండు కట్టలు కుర్చీలు వేసుకొనే పోత, షోరూం కాడనే డబ్బాల పేర్చి చూస్త, వాళ్లు ఏమన్నా అనుకోని.

జవాబు, ఆటోనగర్ మెకానిక్:
పైపు కూడా ఒకటి పట్కపో, నీదాంట్ల అన్నిటికన్నా పొడుగు ఉన్నది. వెనక డోర్ మూసి చూడు.