పూడిక తీసిన చెరువు కోలుకున్నదని పరిశోధన ఎలా తేల్చగలదు?

ప్రశ్న
రాసినవారు: పరిశోధక విద్యార్థిని, హనుమకొండ

అందరికీ నమస్కారం. వృక్షశాస్త్రంలో పరిశోధనకు ఈ ఏడాదే చేరాను. మా జిల్లాలో పూడిక తీసిన ఒక చిన్న చెరువును ఎంచుకొని, అందులోని జీవావరణం ఎంతవరకు కోలుకున్నదో అధ్యయనం చేయాలని సంకల్పించాను. 2015 మార్చిలో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు రాష్ట్రంలోని 46 వేలకు పైగా చెరువులను, కుంటలను పునరుద్ధరించాలని లక్ష్యంగా పెట్టుకున్నారు. అటువంటి పనుల ఫలితాన్ని సాధారణంగా ఎత్తిపోసిన మట్టి పరిమాణంతోను, నీరందిన ఆయకట్టు ఎకరాలతోను లెక్కిస్తారు. రైతుకు ఆ రెండూ ముఖ్యమే. అయితే నేను చూస్తున్న చెరువులో పూడిక పోయినా నీరు పచ్చగానే ఉన్నది, గుర్రపుడెక్క ఒక ఒడ్డున మళ్లీ పరుచుకుంటున్నది, శిఖం భూమిలో, అంటే నీరు తగ్గినప్పుడు బయటపడే చెరువు నేలలో, లొట్టపీసు పొదలు దట్టంగా పెరిగాయి.

నా సందేహాలు రెండు. పూడిక తీయకముందు ఆ నీటి గుణం ఎలా ఉండేదో ఎవరూ కొలిచి పెట్టలేదు. అలాంటప్పుడు ఇప్పటి స్థితిని దేనితో పోల్చాలి? నాలుగైదేళ్లలో ముగించవలసిన సిద్ధాంత గ్రంథం ఆ చెరువుకు నిజంగా పనికివస్తుందా, లేక గ్రంథాలయంలో ఒక ప్రతిగా మిగిలిపోతుందా?

జవాబు 1
రాసినవారు: విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు, వరంగల్

అమ్మా, పోల్చడానికి పాత కొలతలు ఉండటం ఎంత మేలో చెప్పే ఉదాహరణ ఒకటి ఉన్నది. అమెరికాలో సియాటిల్ నగరాన్ని ఆనుకొని ఉన్న వాషింగ్టన్ సరస్సులోకి చుట్టుపక్కల పట్టణాల మురుగు ఏళ్ల తరబడి చేరింది. 1955లో ఆ నీటిలో ఆసిలటోరియా అనే నీలిఆకుపచ్చ నాచు కనిపించింది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్ర ఆచార్యుడైన ఎడ్మండ్‌సన్, మురుగుతో వచ్చే ఫాస్ఫరస్సే దీనికి మూలమని, అది ఆగితే సరస్సు తేటపడుతుందని ముందుగానే చెప్పారు. అంత ధైర్యంగా చెప్పగలగడానికి కారణం, ఆ సరస్సును 1933లోనే ఒకసారి, 1950లో మరొకసారి కొలిచి ఉంచడం. 1963 నుంచి 1968 వరకు దశలవారీగా మురుగును మళ్లించారు, ఫాస్ఫరస్ పడిపోయింది, నాచు తగ్గింది. 1976లో డాఫ్నియా అనే సూక్ష్మమైన నీటి జీవి అక్కడ స్థిరపడి మిగిలిన నాచును మేయడంతో, ఎవరూ ఊహించనంతగా నీరు తేటబడింది. జంతుశాస్త్రం చదివినవాణ్ని కనుక ఆ చివరి ఘట్టమంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. మీ పరిశోధనలో నీటి రసాయనాలతో పాటు ఇలాంటి సూక్ష్మమైన నీటి జీవులను కూడా లెక్కించాలని అందుకే కోరుతున్నాను.

పాత కొలతలు లేనప్పుడు శాస్త్రవేత్తలు చెరువు అడుగున పేరుకున్న ఒండ్రు పొరలను గొట్టంతో తీసి చదువుతారు. సీసం-210, సీజియం-137 అనే రేడియోధార్మిక మూలకాలతో ఆ పొరల వయస్సు కట్టి, ఏ కాలపు పొరలో డయాటమ్ అనే గాజు గుల్ల గల సూక్ష్మ నాచులో ఏ జాతుల గుల్లలు ఉన్నాయో చూస్తే, అప్పటి నీటిలో పోషకాలు ఎంత ఉండేవో అంచనాకు వస్తుంది. మీ విషయంలో చిక్కేమిటంటే, పూడికతో పాటు ఆ పొరలు కూడా పొలాలకు వెళ్లిపోయాయి. పొక్లెయిన్ చేరని మూల ఏదైనా మిగిలిందేమో ఊరివాళ్లను అడిగి చూడండి. అది దొరకకపోతే, ఒకదాని నీరు మరొకదానిలోకి పారే అదే చెరువుల గొలుసులో పూడిక తీయని పై చెరువునో కింది చెరువునో జతగా తీసుకోండి.

జవాబు 2
రాసినవారు: జలవనరుల ఇంజనీరు, కాజీపేట

గురువుగారి మాట మీద గౌరవం ఉంచుతూనే ఒక అభ్యంతరం చెప్పదలచాను. వాషింగ్టన్ సరస్సు కొన్నిచోట్ల 60 మీటర్లకు పైగా లోతు. మన ఊరి చెరువు మత్తడి (అలుగు) దూకే రోజున కూడా కొద్ది మీటర్లే. లోతైన సరస్సులో అడుగుకు చేరిన ఫాస్ఫరస్‌లో చాలా భాగం అక్కడే ఉండిపోతుంది. లోతు తక్కువైన చెరువులో గాలికి నీరు అడుగుదాకా కలుస్తుంది, బురదలో ప్రాణవాయువు తగ్గినప్పుడు ఇనుముతో బంధమై ఉన్న ఫాస్ఫరస్ విడిపోయి మళ్లీ పైకి వస్తుంది. బయటి మురుగును పూర్తిగా ఆపిన తరువాత కూడా చెరువు ఏళ్ల తరబడి తన బురదతోనే పచ్చబడవచ్చు. పూడికతీత ఇక్కడ మేలు చేస్తుంది, ఎందుకంటే ఆ నిల్వను ఎత్తి బయట పడవేస్తుంది; కాని పై వాడల మురుగు కాలువ వచ్చి కలుస్తూనే ఉంటే ఆ మేలు ఎంతకాలమో నిలవదు. నన్నడిగితే, మురుగును మళ్లించక ముందు పూడిక తీయడం పనిని తలకిందులుగా చేయడమే.

నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్టెన్ షెఫర్, లోతులేని సరస్సులు రెండు స్థితులలో దేనిలోనైనా స్థిరపడగలవని చూపించారు: నీటి అడుగున మొక్కలు పెరిగే తేట స్థితి ఒకటి, నాచుతోను మట్టితోను నిండిన మురికి స్థితి మరొకటి. మురికి స్థితిలో చిక్కుకున్న చెరువు పోషకాలు కొంత తగ్గినంత మాత్రాన వెనక్కి రాదు. అడుగును కెలికి తినే చేపలు ఆ స్థితిని ఇంకా బలపరుస్తాయి. మన దగ్గర బంగారుతీగ ఆ పనే చేస్తుంది. అందువల్ల ఏ ఏడాది ఏ చేపపిల్లలను ఎంత వదిలారో మత్స్యకారుల సంఘాన్ని అడిగి రాసుకోకుండా మీ నీటి విశ్లేషణకు అర్థం చెప్పలేరు.

నీటి లెక్క కూడా తప్పనిసరి. ఒకప్పుడు వాన నీటితోనే నిండిన మన చెరువులలో కొన్ని ఇప్పుడు శ్రీరాంసాగర్ నుంచి కాకతీయ కాలువ ద్వారా వచ్చే నీటితో నిండుతున్నాయి. కాలువ నీటితో పాటు వేరే పరీవాహకపు ఒండ్రు, పోషకాలు చేరుతాయి. పైగా వేసవిలో ఎండవలసిన చెరువు ఎండకపోతే గుర్రపుడెక్కకు ఏడాది పొడవునా ఆశ్రయం దొరుకుతుంది. మీ చెరువు ఏ కోవకు చెందినదో ముందుగా తేల్చుకోవాలి.

ప్రశ్న రాసినవారి స్పందన

ఇద్దరికీ కృతజ్ఞతలు. మా చెరువుకు కాలువ నీరు రాదు, మురుగు మాత్రం ఒక వాడ నుంచి వస్తున్నది. గుర్రపుడెక్కను కూలీలతో తీయించినా రెండు వానాకాలాలకే తిరిగి వచ్చిందని ఊరివాళ్లు చెబుతున్నారు. దానికి పురుగులతో నియంత్రణ ఉన్నదని చదివాను.

జవాబు 3
రాసినవారు: విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు, వరంగల్

ఉన్నది. నియోకెటినా అనే ముక్కుపురుగులను 1980ల తొలినాళ్లలో మన దేశానికి రప్పించి, బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ అక్కడి చెరువులలో వదిలింది; కొన్నేళ్లకు మంచి ఫలితం కనిపించింది. అయితే పురుగు నిదానంగా పనిచేస్తుంది, మొక్క ఆగమేఘాల మీద పెరుగుతుంది. దాని గింజలు బురదలో 20 ఏళ్ల వరకు మొలకెత్తే శక్తిని నిలుపుకోగలవు. మురుగులోని నత్రజని, ఫాస్ఫరస్ ఆగనంత వరకు ఏ పురుగైనా వెనుకబడే ఉంటుంది.

జవాబు 4
రాసినవారు: జీవశాస్త్ర ఉపాధ్యాయుడు, ములుగు జిల్లా

మీ రెండవ సందేహాన్ని ఎవరూ పట్టించుకోలేదు కనుక నేను రాస్తున్నాను. మా వైపు రామప్ప, లక్నవరం, మీ జిల్లాల వైపు పాఖాల, ఈ కాకతీయుల నాటి చెరువులన్నీ అడవిని పరీవాహకంగా పెట్టుకున్నవి. పై అడవి చెదిరితే కింది చెరువులోకి ఒండ్రు పెరుగుతుంది. 2024 ఆగస్టు 31న ఏటూరునాగారం అభయారణ్యంలో, తాడ్వాయి–మేడారం మధ్య, ఈదురుగాలికి సుమారు 200 హెక్టార్ల మేర వేలాది చెట్లు నేలకొరిగాయి. ఆ నేలలో కొత్త మొక్కలు నాటాలా, లేక టేకు, తునికి, ఇప్ప తమ మోళ్ల నుంచి, వేళ్ల నుంచి తామే చిగుర్చేలా కాపాడితే చాలా అన్నది ఊహతో చెప్పదగినది కాదు. ఎన్నేళ్లు పట్టినా గీత గీసిన పరిధులలో లెక్కపెట్టి తేల్చవలసినది.

థాయిలాండ్‌లోని చియాంగ్ మై విశ్వవిద్యాలయంలో 1994లో అడవుల పునరుద్ధరణకే ఒక పరిశోధన విభాగం ఏర్పడింది. స్థానిక చెట్ల గింజలు ఎప్పుడు పండుతాయి, ఎలా మొలకెత్తుతాయి, ఏ జాతి త్వరగా నీడనిచ్చి గడ్డిని అణచివేస్తుంది, ఏ పండు పక్షులను రప్పిస్తుంది అనే అంశాలను అక్కడి పరిశోధకులు ఒక్కొక్కటిగా తేల్చారు. చివరకు 20 నుంచి 30 జాతులను ఎంచి, హ్మాంగ్ గిరిజనుల గ్రామస్థులతో కలిసి కొండమీది బీడులలో నాటారు. పిగిలిపిట్టల వంటి పక్షులు మోసుకొచ్చిన గింజల వల్ల, ఎవరూ నాటని జాతులు కూడా అక్కడ మొలిచాయి. ఆ పని ఏ ఒక్క సిద్ధాంత గ్రంథంతోనూ పూర్తి కాలేదు; అదే స్థలాలలో వేరువేరు విద్యార్థులు వేరువేరు ప్రశ్నలు అడుగుతూ పోయారు. మన అడవి వారి అడవికంటే ఎండుది కనుక కోస్టారికాలోని గ్వానకాస్తె ఉదాహరణ మరింత దగ్గర. అక్కడ పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ జీవశాస్త్రవేత్త డేనియల్ జాంజెన్ 1980ల మధ్య నుంచి ప్రధానంగా కార్చిచ్చును ఆపించడం ద్వారా పశువుల బీళ్లను అడవిగా మారనిచ్చారు. మా ప్రాంతంలో తునికాకు, ఇప్పపువ్వు సేకరించే రోజులలో నేల మంటలు ఎంత సాధారణమో తెలిసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది.

కాబట్టి మీరు కొలిచే బిందువులను తరువాతి విద్యార్థి మళ్లీ కనుక్కునేలా గుర్తులు పెట్టి, అంకెలను విభాగంలో అందరికీ అందేలా ఉంచితే మీ సందేహానికి సగం జవాబు దొరికినట్లే.

ప్రశ్న రాసినవారి స్పందన

పూడిక తీయని పై చెరువును జతగా తీసుకోవడానికి నిర్ణయించుకున్నాను. రెండింటిలోను ఫాస్ఫరస్, నీటి తేటదనం, సూక్ష్మజీవులు, ఒడ్డు మొక్కలు చూస్తాను. చేపపిల్లల వివరాలు సంఘం నుంచి సేకరిస్తాను. నీటి మట్టం కొలిచే కర్రను ఎక్కడ పాతాలో ఇంజనీరు గారు చెప్పగలరా?

జవాబు 5
రాసినవారు: జలవనరుల ఇంజనీరు, కాజీపేట

కర్ర వద్దు, పశువులు తగిలినా, వలలు తగిలినా కదిలిపోతుంది. తూము రాతి మీద రంగుతో సెంటీమీటర్ల గీతలు వేయించి, సున్నాను మత్తడి ఎత్తుతో ముడిపెట్టండి. నీటిపారుదల శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారి అనుమతి అడిగితే సాధారణంగా కాదనరు. రోజూ వెళ్లి చూడటం మీకు సాధ్యం కాదు కాబట్టి, ఊళ్లో తూము తెరిచి పొలాలకు నీరు వదిలే నీరటి ఇంకా పనిచేస్తున్నట్లయితే ఆయనకు ఒక పుస్తకం ఇచ్చి, తూము తెరిచిన తేదీలు, మత్తడి దూకిన తేదీలు రాయమనండి; ఆ పనికి తగిన వేతనాన్ని మీ పరిశోధన ఖర్చులలో ముందే చూపించండి.