పాలీకార్బొనేట్ మూత, ఏబీఎస్ డబ్బా: లేజర్ అతుకు ఎందుకు ఊడుతోంది?

ప్రశ్న:
పారదర్శకమైన పాలీకార్బొనేట్ మూతను నల్లటి ఏబీఎస్ డబ్బాకు 980 నానోమీటర్ల డయోడ్ లేజర్‌తో అతుకుతున్నాము. పైనుంచి చూస్తే అతుకు గీత ఎక్కడా తెగకుండా నిండుగానే కనిపిస్తోంది. అయినా లాగి చూస్తే మూత ఊడి వచ్చేస్తోంది, ఏబీఎస్ వైపు చిన్న చిన్న బుడగలు మాత్రం మిగులుతున్నాయి. పవర్ పెంచితే బుడగలు పెరిగాయి తప్ప బలం పెరగలేదు. వేర్వేరు ప్లాస్టిక్‌ల మధ్య ఇంతకు మించి ఆశించకూడదా?

జవాబు 1:
తప్పక ఆశించవచ్చు. ఈ రెండింటినీ కలిపిన మిశ్రమమే మార్కెట్లో దొరుకుతుంది కనుక, ఇది పొసగని జంట కాదు. ఏబీఎస్ సుమారు 105 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మెత్తబడుతుంది, పాలీకార్బొనేట్‌కు దాదాపు 147 డిగ్రీలు కావాలి. పై ముక్క గుండా దూసుకుపోయే కాంతిని పీల్చుకొని వేడెక్కేది కింది నల్లటి ముక్కే కాబట్టి, రెండూ గట్టిగా ఆనుకొని ఉంటేనే ఆ వేడి మూతకు చేరుతుంది. మధ్యలో వెంట్రుక మందమంత సందున్నా ఏబీఎస్ మాడిపోతుంది, మూత మాత్రం కరగదు. పవర్ తగ్గించి, వేగం కూడా తగ్గించి, బిగింపు పెంచి చూడండి.

జవాబు 2:
బుడగలకు తేమ కూడా కారణం కావచ్చు. కొన్ని ముక్కలను 80 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు ఆరబెట్టి, అవే సెట్టింగులతో అతికించండి. బుడగలు పోతే దోషం తేమదే. పాలీకార్బొనేట్ గుళికలకు వాడే 120 డిగ్రీలు ఇక్కడ పెట్టకండి, డబ్బా వంకరపోతుంది.

జవాబు 3:
లాగి చూశామన్నారు, ఎటు లాగారు? పక్కకు జరిపి లాగితే బాగా నిలిచే అతుకు, అంచు పట్టుకొని పైకి ఒలిస్తే సులువుగా ఊడుతుంది. వాడకంలో పడే బరువు ఏ దిశదో ఆ దిశలోనే పరీక్షించాలి. ఖర్చు తగ్గుతుందని డబ్బాను పాలీప్రొపిలీన్‌కు మార్చే ఆలోచన ఉంటే మానుకోండి. మా దగ్గర ఒకసారి ఆ ముచ్చటా తీరింది: రెండూ కరిగాయి గానీ ఒకదానిలో ఒకటి కలవలేదు, చేత్తో తీస్తే వచ్చేసింది. అతికించాక అంచులను అసిటోన్‌తో తుడవడమూ వద్దు, పాలీకార్బొనేట్ బీటలు వారుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ముక్కలను కదలకుండా పట్టే ఫిక్చర్‌లో బిగించి, సందులు కొలిచే పలుచటి రేకుల ఫీలర్ గేజ్‌తో కొలిచాను. మూడు మూలల్లో ఏమీ దూరలేదు, నాలుగో మూలలో 0.1 మిల్లీమీటర్ల రేకు సులువుగా దూరింది. మూత ఊడడం కూడా అక్కడినుంచే మొదలవుతోంది.