పుష్కరాలకు ముందు మా అమ్మాయికి ఏమని చెప్పాలి?

మాది కోనసీమలో వశిష్ఠ పాయ ఒడ్డునున్న ఊరు. గోదావరిని గౌతమ మహర్షి తెచ్చారనీ, సప్తర్షులు దానిని ఏడు పాయలుగా సముద్రానికి చేర్చారనీ మా అమ్మ చెబుతుంది. నది మోసుకొచ్చిన ఒండ్రు పేరుకుని డెల్టా ఏర్పడిందని తొమ్మిదేళ్ల మా అమ్మాయి బడిలో చదువుకుంది. మొన్న పూజగదిలో నాయనమ్మతో "నువ్వు చెప్పేదంతా అబద్ధం" అనేసింది. వత్తి ఎగదోస్తున్న అమ్మ వేలు అలాగే ఆగిపోయింది. చర్చికి వెళ్లే పక్కింటి స్నేహితురాలితోనూ ఇదే వాదన పెట్టుకుంది.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. గురుడు సింహరాశిలో ప్రవేశించడాన్ని బట్టి వచ్చే ఈ పండుగకు, ఆ గ్రహం సూర్యుని చుట్టూ తిరగడానికి దాదాపు 12 ఏళ్లు పట్టడమే ఆధారమని చెబితే అమ్మాయి కళ్లు మెరిశాయి (నాకే ఆ సంగతి ఆలస్యంగా తెలిసింది). వెంటనే "మరి మునిగితే పాపాలు పోతాయా?" అని అడిగింది. అమ్మ నమ్ముతుంది, నేను నమ్మను, నా భార్య ఎటూ తేల్చదు. "పెద్దయ్యాక నువ్వే తేల్చుకో" అనడం నాకు తప్పించుకోవడంలాగే అనిపిస్తోంది.

ఆధారం అడిగే అలవాటు పోకుండానే, ఎదుటివారి నమ్మకాన్ని చిన్నబుచ్చకుండా మాట్లాడటం ఈ వయసు పిల్లలకు మీరు ఎలా నేర్పారు? నా అపనమ్మకాన్ని అమ్మాయి ముందు చెప్పవచ్చా? మీ ఇంట్లో ఏ మాట పనిచేసిందో, ఏది బెడిసికొట్టిందో దయచేసి రాయగలరు.